తాళం పడిన ఇంటికి యజమాని ఎవరు?



మన వైపు ఏ ఊరికి పోయినా, ఏ వీధిలో నడిచినా తాళం వేసిన పాత ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. మట్టిమిద్దె ఒక మూల కుంగి ఉంటుంది. అరుగు పక్కన కంపచెట్టు మొలిచి ఉంటుంది. ఈ ఇల్లు ఎవరిదని అడిగితే "వాళ్ళు అమెరికాలో ఉన్నారు సార్" అంటారు. మాట అంతటితో ఆగిపోతుంది. అలాంటి ఇంటిని కొనాలంటే యజమానిని ఎలా వెదకాలి, ఎక్కడ మోసపోతాం అన్నది ఈనాటి ప్రసంగం.

కూరెకుప్పలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఉక్కు కర్మాగారంలో పని. అతని ఇంటికీ పక్కనున్న తాళం ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒక వానాకాలం పక్కింటి మిద్దె కూలింది. అక్కడ నీళ్ళు నిలిచి ఈ గోడ నానడం మొదలైంది. గోడకు ఇవతల అతని తల్లి మంచం. ఆ ఇల్లు కొనేస్తే పీడ పోతుందని అతను అనుకున్నాడు. ఇంతలో ఒక మధ్యవర్తి వచ్చి, "యజమాని అమెరికాలో ఉన్నాడు, పవరు నా దగ్గర ఉంది, రెండు లక్షలు అడ్వాన్సు ఇవ్వు" అన్నాడు. ఆ కాగితాలు సగం తెలుగు, సగం కన్నడం. నాకు రెండూ వచ్చు కాబట్టి "సార్, ఇవి చదివి పెట్టండి" అని తెచ్చాడు.

ఇక్కడ మొదట ఒక అపోహ తీర్చుకోవాలి. పన్నెండేళ్ళు ఇంట్లో ఉంటే ఇల్లు మనదే అవుతుందని చాలామంది అంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో 12 ఏళ్ళ మాట ఉంది, నిజమే. కాని యజమాని హక్కును కాదని, బాహాటంగా, ఎడతెగకుండా అనుభవించినట్టు కోర్టులో రుజువు చేయాలి. తాళం పగలగొట్టి సామాను పెట్టుకున్నంత మాత్రాన హక్కు రాదు, కేసు వస్తుంది.

మరి పేరు ఎక్కడ దొరుకుతుంది? మొదట పురసభ కార్యాలయానికి వెళ్ళండి. ఖాతా ఎవరి పేర ఉంది, పన్ను ఎన్నేళ్ళ నుంచి బాకీ ఉంది, చివర ఎవరు కట్టారు అని అడగండి. అయితే ఖాతా అన్నది పన్ను వసూలు కోసం రాసుకున్న పేరు. అదే హక్కు పత్రం కాదు. హక్కు తెలియాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి పోవాలి. అక్కడ ఇ.సి. అడిగితే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు తెలుస్తాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటవ నంబరు పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఒక సూచికలో మనుషుల పేర్లు, ఇంకొక సూచికలో ఆస్తుల వివరాలు ఉంటాయి. ఈ సంగతి తెలియక చాలామంది దళారి చెప్పిందే వేదమనుకుంటారు.

సరిహద్దు జిల్లా వాళ్ళం కాబట్టి మనకు ఇంకొక చిక్కు ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి ప్రాంతం మద్రాసు నుంచి మైసూరు రాష్ట్రానికి మారింది. అందువల్ల తాత కొన్న పత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండవచ్చు, మనవడి కాగితం కన్నడంలో ఉండవచ్చు. తెలుగు పత్రంలో ఇంటిపేరు ముందు వస్తుంది. కన్నడ పత్రంలో అదే మనిషి ఊరిపేరుతోనో, పొడి అక్షరాలతోనో కనిపిస్తాడు. కాబట్టి ఒక్క పేరుతో వెదికి, లేదని తిరిగి రాకండి. తండ్రిపేరు, ఇంటిపేరు, ఊరిపేరు మూడూ పట్టుకుని వెదకండి.

మా వాడి విషయంలో అలాగే దొరికింది. ఇల్లు కొన్నాయన ఎప్పుడో పోయారు. ఖాతా ఇంకా ఆయన పేరే. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్ద కొడుకు అమెరికాలో ఉన్నాడు. చిన్న కొడుకు చనిపోయాడు, అతని భార్యాపిల్లలు బెంగుళూరులో ఉన్నారు. కూతురు ఉన్నది బస్సులో రెండు గంటల దూరంలోనే. వీధి వీధంతా అమెరికా వైపు చూస్తూ ఉంటే, ఒక యజమానురాలు పక్క తాలూకాలో ఉన్నది! 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జిత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఉంది. అంటే మధ్యవర్తి చూపిన పవరు నిజమైనదే అయినా, పెద్ద కొడుకు వాటా అయిన మూడింట ఒక వంతుకే పనికొస్తుంది.

అందుకని వంశవృక్షం తెప్పించి చూడండి. ఎవరినీ వదలకండి. ఏడేళ్ళుగా జాడ లేని వారసుడుంటే మరణించినట్టు భావించే వీలు సాక్ష్య చట్టంలో ఉంది. కాని అది కోర్టు తేల్చవలసిన మాట, మనం అనుకుంటే చాలదు.

విదేశంలో ఉన్నవారికి కబురు ఎలా పంపాలి? చిరునామా ఇమ్మని ఎవరినీ ఒత్తిడి చేయకండి. అడిగినకొద్దీ అనుమానం పెరుగుతుంది. "ఈ ఉత్తరం వారికి చేర్చండి" అని బంధువులను, గుడి ధర్మకర్తలను, పాత స్నేహితులను కోరండి. అమెరికాలో తానా వంటి తెలుగు సంఘాలు 1977 నుంచీ ఉన్నాయి. అలాంటి సంఘాల ద్వారా కూడా మాట చేర్చమని అడగవచ్చు. మొదటి ఉత్తరంలో ధర రాయకండి. మీరెవరు, ఇంటి పరిస్థితి ఏమిటి, మీకు కలుగుతున్న ఇబ్బంది ఏమిటి అని రాసి, ఒక ఫోటో జతచేయండి.

వారు అమ్ముతామన్నారనుకుందాం. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు కూడా ఇక్కడ నివసించే మనకు ఇల్లు అమ్మవచ్చు. వారు రాలేకపోతే పవరు పత్రం పంపుతారు. అది అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకమై ఉండాలి. మన దేశానికి చేరిన 3 నెలల లోపల దానికి స్టాంపు సుంకం కట్టాలి. ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ పవరు కూడా పోతుంది. ఉత్త పవరు మీద ఇల్లు కొన్నామంటే చెల్లదని, రిజిస్టరు అయిన విక్రయపత్రమే కావాలని 2011లో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది.

డబ్బు చేతికి ఇవ్వకండి. ఆయన పేర ఇక్కడ ఉన్న ఎన్.ఆర్.ఓ. ఖాతాకు బ్యాంకు ద్వారా పంపండి. ఆదాయపు పన్ను మాట కూడా మరవకండి. అమ్మేవాడు ఇక్కడి నివాసి అయితే, విలువ 50 లక్షలకు చేరినప్పుడే మనం 1 శాతం పన్ను పట్టుకోవాలి. విదేశంలో ఉన్నవాడికి ఆ పరిమితి లేదు. చిన్న ఇల్లయినా పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారిదే. రేటు ఎంతో ఆడిటరును అడిగి చేయండి. కర్ణాటకలో 2024 నుంచి ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ జరగడం లేదు కాబట్టి, చనిపోయినవారి పేర ఉన్న ఖాతా ముందు వారసుల పేరుకు మారాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు, అభ్యంతరాలుంటే చెప్పమని పత్రికలో ఒక ప్రకటన వేయించడం మంచిది.

మా వాడి కథ ఎంతవరకు వచ్చిందంటారా? ఆ కూతురిగారే తన అన్నకు ఫోను చేయించారు. తాను పన్ను కట్టడానికి ఇచ్చిన కాగితాన్ని చూపి బేరం పెడుతున్నారని ఆయనకు తెలియనే తెలియదు. ఇప్పుడు ముగ్గురి వాటాల కాగితాలు తయారవుతున్నాయి. ఇల్లు ఇంకా చేతికి రాలేదు. కాని కూలిన మట్టి తీసి, నీళ్ళు మళ్ళించుకోమని వాళ్ళందరూ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. గోడ ఆరింది. రెండు లక్షలూ అతని దగ్గరే ఉన్నాయి.

తాళం పడినంత మాత్రాన ఇల్లు దిక్కులేనిది కాదు. దాని వెనుక ఎంతమంది ఉన్నారో తెలిసిన తర్వాతే బేరం మాట్లాడండి.