పాత తుపాకి మరలు – వాని ఆనవాళ్లు

రేడియోపెట్టె వెనుక మూత ఊడదీసి, తిరిగి బిగించునప్పుడు ఒక మరమేకు పోగొట్టుకొన్న గృహస్థునకు ఈ ప్రసంగ విషయము కొంత తెలిసియే యుండును. బజారునుండి తెచ్చిన మేకు చూపునకు అచ్చముగా పాతదానివలెనే యుండును. రెండు చుట్లెక్కి ఆగిపోవును. బలవంతముగ త్రిప్పితిమా, లోపలి మర చెడును. పాత ఇంగ్లీషు సెట్లలో బి.ఏ. కొలత మేకులు విరివిగా వాడిరి. అందు 6వ నంబరు మేకు లావు 2.8 మిల్లీమీటర్లు. దాని స్థానమున మనకు సులభముగ దొరకు మెట్రిక్ మేకు లావు 3 మిల్లీమీటర్లు. ఇంత స్వల్పభేదమే చిక్కు తెచ్చుచున్నది.

రేడియోలో ఈ పొరపాటువలన పోవునది ఒక మేకు మాత్రమే. మూతినుండి మందు దట్టించి కాల్చు నాటు తుపాకిలో పోవునది కన్ను.

సంగారెడ్డి జిల్లా బొల్లారములో (సికిందరాబాదు దండు ప్రక్కనున్న బొలారము వేరు) లేతుపని వారికి ఈ చిక్కు నిత్యకృత్యము. అచటి కర్మాగారములలోని గొట్టములు కొన్ని బ్రిటిషు కొలతవి, కొన్ని అమెరికా కొలతవి. అరంగుళపు గొట్టమునకు రెంటను అంగుళమునకు 14 మరలే. కాని బ్రిటిషు మర కోణము 55 డిగ్రీలు, అమెరికా మర కోణము 60. ఒకదానిలో నొకటి కొన్ని చుట్లెక్కును, బిగిసినట్లే తోచును, పిదప కారును. పనివారు మరను 'చూడీ' యనియు, అంగుళములో ఎనిమిదవ వంతును 'సూతు' అనియు పిలుతురు. నాలుగు సూతులన్న అరంగుళము. ఈ రెండు మాటలతోనే వారి లెక్క యంతయు నడచును.

ఇన్ని కొలతలు ఏల పుట్టినవి? మొదట కొలతయే లేదు గనుక. 17వ శతాబ్దిలో మన దేశపు పనివారు మేకుకు గాడి కోయుటకు బదులు, మేకు చుట్టును తీగెను చుట్టి అతికెడివారని చరిత్రకారులు వ్రాసియున్నారు. అట్టి మేకు సరిగా బిగియకుండుటలో వింత లేదు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదులో ఫిరంగుల కర్మాగారము నిర్మించెను. గన్‌ఫౌండ్రీ అను పేట పేరు దానినుండి వచ్చినదే. ఆనాటికి ఐరోపాలో సైతము ప్రతి తుపాకి పనివానికిని తన సొంత మరపలక యుండెను. ఉక్కుపలకలోని గాడి రంధ్రములలో మేకును త్రిప్పి మర తీసెడివారు. ఒకరి పలకకు మరొకరి పలకతో సంబంధము లేదు.

1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ తొలిసారి దేశమంతటికి ఒకే మరల క్రమము ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మరను ప్రతిపాదించెను. బి.ఏ. మర 1884లో వచ్చినది. దాని కోణము 47½ డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు కలిసి ఒక ఉమ్మడి మరను అంగీకరించినవి. కావున ఒక తుపాకిలోని మరలను జూచి, అది ఏ కాలమున ఏ దేశమున పుట్టినదో, మధ్యలో ఎవరి చేయి పడినదో కొంతవరకు ఊహింపవచ్చును.

ఐతే కొలతకు ముందు రెండు జాగ్రత్తలు. తాతలనాటి తుపాకి గొట్టములో నల్లమందు అట్లే మిగిలియుండుట అరుదు కాదు. ఎన్ని దశాబ్దములైనను పొడిగానున్న మందు అంటుకొనును. సన్నని కర్రపుల్లను మూతినుండి అడుగువరకు దింపి, మూతికడ గుర్తుపెట్టి, వెలుపల గొట్టము ప్రక్కన ఆనించి చూడవలెను. అడుగునకు రెండు మూడు వ్రేళ్ల ముందే అది ఆగిన, లోపల ఏదో యున్నదని యర్థము. అట్టిదానిపై మేకు త్రిప్పుట, వేడి తగిలించుట ప్రాణాపాయము. రెండవది చట్టము. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము నాటు తుపాకికి లైసెన్సు కావలెను. బాగుచేయు వానికి వేరుగా లైసెన్సు కావలెను. మరమ్మతు చేసినను పేలని పురావస్తువులకు మాత్రమే మినహాయింపు. సందేహమున్న పోలీసు ఠాణాలో తెలుపుటయే మేలు.

ఇక కొలత. తుపాకిలో మరలు ముఖ్యముగ మూడుచోట్ల నుండును: గొట్టము అడుగును మూయు బిరడా, నిప్పుటోపీ తొడుగు నిపిల్ అను చిన్న గుబ్బ, చాపు యంత్రపు మేకులు. వీనిలో నిపిల్ ఎక్కువగా మార్చబడునది, ఎక్కువగా మోసగించునది. నేటి నకలు తుపాకులలో సాధారణముగ మూడు కొలతలు కనబడును: 6 మిల్లీమీటర్ల లావున 1 మిల్లీమీటరు మర, అదే లావున 0.75 మర, పావంగుళపు లావున అంగుళమునకు 28 మరలు. పావంగుళమన 6.35 మిల్లీమీటర్లు. కాని అరిగిన, త్రుప్పుతిన్న నిపిల్ 6.2 మాత్రమే చూపవచ్చును. అప్పుడది ఏ జాతిది? లావు చెప్పదు, మరల ఎడమును అడుగవలెను.

ఎడము కొలుచుటకు ఒక్క మరను కొలువరాదు. పది మరల పొడవు కొలిచి పదింట భాగింపవలెను. అన్ని లేనిచో ఏడైనను చాలును. అంగుళమునకు 28 అన్న ఒక మర ఎడము 0.907 మిల్లీమీటరు. ఏడు మరలకు ఇది 6.35, 1 మిల్లీమీటరు మరకు 7. ఒక్క మరలో దాగిన భేదము ఏడింటిలో బయటపడును. పళ్లరేకుల గేజిని వెలుతురునకు ఎదురుగా ఆనించి చూచుట మరియొక పద్ధతి. పళ్ల సందున వెలుగు కనబడిన అది సరిపడలేదు. అయినను అంగుళమునకు 20 పళ్ల రేకు, 1.25 మిల్లీమీటర్ల మెట్రిక్ మరపై ఇంచుమించు కూర్చుండును. పది మరలకు 12.7, 12.5, రెంటికి తేడా 0.2 మాత్రమే. అచట కంటిని నమ్మరాదు. అడుగు బిరడాలకు నకలు తుపాకులలో 9/16, 5/8 అంగుళములకు 18 మరలు, 3/4 అంగుళమునకు 16 మరలు వాడుక. బిరడా జోలికి పోకుండుటయే మంచిదని మా అభిప్రాయము.

సరిపడని నిపిల్ వ్రేళ్లకు బిగువుగానే తోచును. వాస్తవముగ అది మరల కొసలపై నిలిచియుండును. పేలుడు వాయువు దానిని వెనుకకు త్రోయును. కాల్చువాని కన్ను దాని వెనుకనే యుండును.

ఏ రేకునకును సరిపడని మర దొరికిన, అది పాత మరపలక పని కావచ్చును. రంధ్రమును పెద్దదిచేసి క్రొత్త మర కోయుట తేలిక, కాని దానితో తుపాకి పుట్టుకకు సాక్ష్యము చెడును. రంధ్రమును ముట్టక, దానికి తగిన మేకును లేతుపై తీయించుట సరియైన పని. మేకులను తీసినప్పుడు అట్టపై తుపాకి బొమ్మ గీచి, ఏ రంధ్రపు మేకు ఆ రంధ్రముకడనే గుచ్చవలెను. చేతిపనిలో ఒక రంధ్రపు మేకు ప్రక్క రంధ్రమున ఎక్కదు. పాత పనివారు ఈ కారణముననే మేకుతలపై ఆకురాతితో ఒకటి, రెండు, మూడు గాట్లు పెట్టెడివారు. ఆ గాట్లను మురికి యనుకొని రుద్దివేయరాదు.