వంశధారా తీరమున ఒక రాజధాని : ముఖలింగ గ్రామ చరిత్ర

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభమైనది. ఆ దశకము నుండి యిచ్చటికి పనికై తరలివచ్చిన తెలుగువారిలో శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములవారు పెక్కుమంది. వీరి యిండ్లలో ముఖలింగము పేరు వినబడని యేడు ఉండదు. అయినను ఇచ్చట పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థిని ఆ యూరిని గూర్చి యడిగినచో, శివరాత్రి యాత్ర, చక్రతీర్థ స్నానము అను రెండు మాటలతో ముగించును. ఆ చిన్న గ్రామము కొన్ని శతాబ్దులు ఒక రాజ్యమునకు రాజధానిగా నుండెనన్న సంగతి పెద్దలకును అంతగా తెలియదు. అది యెట్లు మరుగుపడెనో, ఏ సాక్ష్యములచే మరల వెలికివచ్చెనో చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

ముఖలింగము శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలమున వంశధారా నది యెడమగట్టున నున్నది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును ఈ యొక్క గ్రామముననే కలవు. ఇంత చిన్న యూరికి ఇంతటి శిల్పసంపద యెట్లబ్బినదని చూచినవారికెల్ల సందేహము కలుగక మానదు.

ప్రాచీన గాంగరాజుల తామ్రశాసనములు అనేకము కళింగనగరము నుండి వెలువడినవి. మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి వారి కులదైవము. రాజుల పేర్లు తెలిసినవి, దానమొందిన గ్రామముల పేర్లు తెలిసినవి. కాని ఆ కళింగనగర మెచ్చట? పందొమ్మిదవ శతాబ్దమున పండితులు వంశధార సముద్రమున కలియుచోట నున్న కళింగపట్నమే అదియని తలచిరి. పేరు కలిసినది, రేవు కలదు, నదియు నదియే. పేరులోని పోలిక పండితులను మోసగించుట క్రొత్త కాదు.

ఈ చిక్కును విప్పినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని మనమందరము ఎరుగుదుము. శాసన పరిశోధకులుగా ఎరిగినవారు తక్కువ. వారు 1863లో ముఖలింగమునకు సమీపముననే, వంశధారా తీరమందలి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చిరి. శకవర్షము 979 (క్రీ.శ. 1057) నాటి వజ్రహస్తుని నడగాం శాసనమును వారు పరిష్కరింపగా, అది ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున (1896-97) ప్రకటితమైనది. కళింగనగరము ముఖలింగమే యని వారు అందు ప్రతిపాదించిరి.

వారి వాదమునకు బలమిచ్చునవి మూడు. అనంతవర్మ చోడగంగుని శకవర్షము 1040 (క్రీ.శ. 1118-19) నాటి తామ్రశాసనము గాంగవంశ చరిత్రను చెప్పుచు, కామార్ణవుడను రాజునకు నగరమను పురము కలదనియు, అందతడు శివునకు ఉన్నతమైన ఆలయము కట్టించెననియు, మధుక వృక్షమునుండి పుట్టినందున ఆ లింగమునకు మధుకేశుడని పేరిడెననియు తెలుపుచున్నది. ముఖలింగాలయ శాసనములలో దేవుని పేరు మధుకేశ్వరుడే. ఇక మూడవది అన్నిటికంటె చిన్నది, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది. ముఖలింగమును ఆనుకొని నగిరికటకమను గ్రామము కలదు. కటకమనగా రాజధాని, సైన్యపు విడిది. రాజులు పోయిరి, కోట పోయినది. రైతులు మాత్రము తమ యూరిని నగరమనియే పిలుచుచు వచ్చిరి. గ్రంథములు తడబడినచోట గ్రామీణుల నోటిమాట నిలబడినది. వాడుక మాటకు గౌరవము తెచ్చిన పండితునికే ఈ సాక్ష్యము విలువ తెలియుట సహజము.

మధుకమనగా మన యిప్పచెట్టు. ఛత్తీసుగఢములో ప్రతి పల్లెయందును కనిపించు మహువా అదియే; ఆ మాటయు మధూక శబ్దభవమే. ఇప్పపూలకై ఇద్దరు భార్యలు కలహింపగా ఒక శబరుడు చెట్టును నరికెననియు, ఆ మొద్దునందు శివుడు ముఖముతో దర్శనమిచ్చెననియు స్థలకథ. ఇది పలు రూపములలో చెప్పబడుచున్నది. తామ్రశాసనమున చెట్టు కలదు, రాజు కలడు. కథలో చెట్టు కలదు, రాజు లేడు, అతని స్థానమున శబరుడు కలడు. రెంటిలో ఏది ముందో నిర్ణయింప బూనుట వృథాశ్రమ. అడవివారి దేవుడు రాజుల దేవుడైన జాడ మాత్రము ఇందు స్పష్టము. రామమూర్తిగారే తరువాత సవర భాషకు వ్యాకరణమును (1931), నిఘంటువును (1938) వ్రాసిరి.

ముఖలింగాలయ శాసనములు దక్షిణ భారత శాసన సంపుటములలో ఐదవదానియందు (1925) అచ్చుపడినవి. కొన్ని సంస్కృతము, కొన్ని తెలుగు. కొన్నిట ముందు శ్లోకము, తరువాత తెలుగు వచనము. వీనిలో అధికభాగము అఖండదీపముల కొరకైన దానములు: శకవర్షము, రాజ్యసంవత్సరము, దాత పేరు, దీపమునకిచ్చిన మాడలు. చదువుటకు విసుగు పుట్టించునంత ఒకే తీరు. కాని వజ్రహస్తుడు శకవర్షము 960లో (క్రీ.శ. 1038) పట్టాభిషిక్తుడు, రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కాలమును అదియే. నన్నయ మహాభారతమును తెలిగించిన శతాబ్దముననే, తెలుగుదేశపు ఉత్తరాంచలమున దాతలు దీపపు లెక్కలు వ్రాయించుకొన్న వచనమెట్టిదో తెలుపు పత్రములివి. మన సాహిత్య చరిత్రకారులు రాజమహేంద్రవరము నుండి చూపు మరల్చకపోవుటచే ఈ గోడలకు దక్కవలసిన స్థానము దక్కలేదు. శాసన భాషా విద్యార్థులు ఈ సంపుటమును పదకోశ నిర్మాణమునకై వరుసగా చదువుట అవసరము.

క్రీ.శ. 1078లో సింహాసనమెక్కిన చోడగంగుడు సుమారు డెబ్బది సంవత్సరములు పాలించెను. ఉత్కళము అతని వశమైన తరువాత రాజ్యపు గురుత్వము ఉత్తరమునకు జరిగి, గాంగుల రాజధాని క్రమముగా మహానదీ తీరపు కటకమునకు మారినది. వంశధార గట్టున ఆలయములు, అర్చకులు, రైతులు మిగిలిరి. భిలాయికి చేరువగా దుర్గు ప్రక్కనుండి పారు శివనాథ నది ఆ మహానదికి ఉపనదియే; ఇచ్చటి నీరును గాంగుల రెండవ కటకము మీదుగనే సముద్రమును చేరును. మొదటి కటకము పేరు నేటికిని జలుమూరు మండల గ్రామముల జాబితాలో నున్నది.