చెరువుకు నీరడి ఎవరు?

బడంగ్‌పేటలో మా కాలనీ దాటితే చెరువు. మొన్న ఏప్రిల్‌లో ఒకరోజు ఇంకా తెల్లవారకముందే కట్ట ఎక్కాను. నీళ్ల మీద చిన్న చిన్న సుడులు లేస్తున్నాయి. వాన లేదు, గాలి లేదు. టార్చి వేసి చూస్తే చేపలు. మూతులు పైకి పెట్టి నీటి పైపొరను జుర్రుకుంటున్నాయి. ఎనిమిదింటికల్లా కొన్ని తెల్లగా ఒడ్డుకు తేలాయి. చూడవచ్చినవాళ్లలో ఒకాయన ఎవరో మందు కలిపారన్నాడు, ఇంకొకాయన ఎండదెబ్బ అన్నాడు. నాకు మాత్రం అవి నోళ్లు తెరిచిన వేళలోనే జవాబు ఉందనిపించింది.

30 డిగ్రీల వేడి ఉన్న నీరు గాలి నుంచి లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే కరిగించుకోగలదు. అది నాలుగుకు దిగితే చాలా చేపలకు ఇబ్బంది మొదలవుతుంది. పగటిపూట నాచు ఎండను వాడుకుని ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ వంట ఆగిపోతుంది, ఊపిరి తీయడం మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ పగలు మిగిలిన ఆక్సిజన్ మీదే తెల్లవార్లూ బతకాలి. నాచు ఎంత దట్టంగా ఉంటే రాత్రి ఖర్చు అంత ఎక్కువ. పొద్దు పొడిచే ముందు నిల్వ దాదాపు అడుగంటుతుంది. అదే నీటిని మధ్యాహ్నం పన్నెండింటికి సీసాలో పట్టి పరీక్షిస్తే అంతా బాగానే ఉన్నట్టు వస్తుంది. ఆఫీసు వేళల్లో వచ్చి చూసి వెళ్లేవాళ్లకు ఈ చెరువు జబ్బు దొరకదు. ఉదయం ఐదింటికి కట్ట మీద ఉండగలిగేది పక్కింటివాళ్లే.

ఆ నాచుకు మేత మన ఇళ్ల నుంచే పోతుంది. మరుగుదొడ్డి నీటిలో, కొన్ని బట్టల సబ్బుల్లో భాస్వరం ఉంటుంది. 1 గ్రాము భాస్వరంతో సుమారు 100 గ్రాముల ఎండు నాచు తయారుకాగలదు. బడంగ్‌పేట ఒకప్పుడు పంచాయతీ, 2019లో నగరపాలక సంస్థ అయింది. ఇళ్లు పెరిగినంత వేగంగా డ్రైనేజీ పెరగలేదు. కాలనీల మురుగు పల్లం వెతుక్కుంది. పల్లంలో చెరువుంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. మే నెలలో కూడా చెరువు నిండుగా కనబడితే సంతోషపడతాం. వానకు నిండిన చెరువు వేసవిలో తగ్గాలి. నీళ్లు దిగినచోట శిఖం నెర్రెలిచ్చేది, గాలి సోకి కుళ్లు విరిగిపోయేది, రైతులు పూడికమట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. చెరువులో చేరిన సారం అలా చేనుకు తిరిగి వెళ్లేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ పూడికమట్టిని పొలాలకు తోలుకున్నది రైతులే. ఇప్పుడు మురుగు ఏడాది పొడుగునా వచ్చిపడుతోంది కాబట్టి చెరువుకు ఎండే అవకాశమే లేదు. మండు వేసవిలో తొణికిసలాడే చెరువును చూస్తే నాకు భయమేస్తుంది.

పాత ఊళ్లలో చెరువు సంగతులన్నీ కనిపెట్టడానికి నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత నీరు వదలాలో, కట్టకు ఎక్కడ బొరియ పడిందో, మత్తడి ఎప్పుడు దుంకుతుందో ఆయనకు తెలుసు. పంట వచ్చినప్పుడు ఆయన పాలు కల్లంలోనే కొలిచి ఇచ్చేవారు. పొలాలు ప్లాట్లయ్యాక ఆ పని చేసేవాళ్లు లేకుండా పోయారు.

చెరువును కనిపెట్టేవాళ్లు లేకపోతే ఏం జరుగుతుందో 2020 అక్టోబరులో చూశాం. అప్పటి కుండపోత వానలకు పక్కనే ఉన్న బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, దిగువ బస్తీల్లో ఇళ్లు మునిగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకదాని మత్తడి నీరు ఇంకొకదాని కడుపులోకి పోతుంది. మీర్‌పేట చెరువుల నీరు సరూర్‌నగర్ చెరువుకు, అక్కడి నుంచి మూసీకి చేరుతుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీరంలోని మడచెట్లలో కొన్నిటి వేళ్లు ఊపిరి కోసం బురదలోంచి పైకి పొడుచుకుని నిలబడతాయి. పైనుంచి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ వాటిని కప్పేస్తే చెట్టు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మన వీధి మోరీకి, ఆ వేళ్లకు మధ్య ఉన్నది వాలు మాత్రమే.

జనం పూనుకుంటే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఇదే రంగారెడ్డి జిల్లాలోని నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, సుమారు 3,000 చదరపు అడుగుల తేలియాడే తోటను నీటిలోకి దించింది. అడుగున వెదురు, దానిమీద థర్మోకోల్, గోనె సంచులు, గులకరాళ్లు. మట్టి లేదు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటి మొక్కల వేళ్లు తిన్నగా నీటిలోకి వేలాడతాయి. ఆ వేళ్ల మీద జిగురుపొరలా పెరిగే బాక్టీరియా కుళ్లును విరగ్గొడుతుంది, అందులోని నత్రజని, భాస్వరాలను మొక్క పీల్చుకుంటుంది. గుర్రపుడెక్క కూడా పీల్చుకుంటుంది కదా అని అడగవచ్చు. నిజమే, కానీ అది చెరువంతా దుప్పటిలా కప్పి, గాలిని ఆపి, చివరికి అక్కడే కుళ్లి తిన్నదంతా మళ్లీ నీటికే అప్పగిస్తుంది. ఈ తేలే తోట తెప్ప లాంటిది, దాని మీది మొక్కలను కోసి బయటికి తీయవచ్చు. అయినా వచ్చే మురుగును మళ్లించకుండా తెప్ప ఒక్కదాని మీదే భారం వేస్తే అది మోయలేదు.

మా దగ్గర తెప్ప లేదు. నీటి తేటను కొలవడంతో మొదలుపెట్టాం. 1865లో ఆంజెలో సెకీ అనే ఇటలీ మతగురువు సముద్రపు నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి ఓడ మీద నుంచి తెల్లటి పళ్లేలను దించాడు. అలాంటి పళ్లెంతోనే అమెరికాలో 1994 నుంచి మామూలు జనం తమ చెరువులను కొలిచి ఆ లెక్కలను ఒకచోట చేరుస్తున్నారు. మా కాలనీ పిల్లలు 20 సెంటీమీటర్ల గిన్నె మూతను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులేశారు. కింద రాయి కట్టి, బట్టలారేసే తాడుకు గుర్తులు పెట్టి, తూము గట్టు మీద నుంచి దించారు. మూత జానెడు లోతైనా పోకుండానే మాయమైంది. పిల్లలు తాడు మళ్లీ లాగి, మళ్లీ దించారు. నమ్మబుద్ధి కాలేదు వాళ్లకు.

పదిమంది కలిసి ఊరి పని చేయడం ఇక్కడ కొత్త కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఆ వేలం డబ్బు ఊరి పనులకు వాడుతున్నారు. పదకొండు రోజుల మండపానికి వంతులు వేసుకుని రాత్రంతా కాపలా ఉండే కుర్రాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. ఆ వంతుల పద్ధతే చెరువుకూ పెట్టుకున్నాం. వారానికి రెండు రోజులు, ఇద్దరిద్దరు. ఏ మోరీ నీరు ఏ రంగులో వస్తోందో, నురగ ఉందో లేదో, మూత ఎంత లోతులో మాయమైందో నోటు పుస్తకంలో రాస్తారు. తేదీ, వేళ వేసిన ఆ కాగితాలు పట్టుకుని వెళ్లినప్పుడు అధికారులు అడిగే ప్రశ్నలు మారాయి. మొదటి వాన పడ్డ మరునాడు మూత బెత్తెడు లోతులోనే కనబడకుండా పోయింది, కొట్టుకొచ్చిన మట్టి వల్ల. ఆ తర్వాత మెల్లగా తేటపడింది. నిన్నటి వరుసలో తొమ్మిదో తరగతి పిల్ల రాసింది: ‘పొద్దున 5:20. 24 సెంటీమీటర్లు. చేపలు పైకి రాలేదు.’