పావు కప్పు మర్యాద

యూఏఈలో చలామణీ అయ్యే ఒక దిర్హమ్ నాణెం మీద పాలకుల బొమ్మ ఉండదు, కాఫీ కూజా ఉంటుంది. పొడుగాటి ముక్కున్న ఆ కూజా పేరు దల్లా. 1973లో దేశానికి సొంత కరెన్సీ వచ్చినప్పటి నుంచీ ఆ చోటు దానిదే. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లినవాళ్ల జేబుల్లో రోజూ గలగలలాడే బొమ్మ అది. అరబ్బుల ఇళ్లలో వంటకో, డ్రైవరుగానో కుదిరినవాళ్లకు అందులోని కాఫీతోనూ పరిచయం ఉంటుంది.

దాన్ని గహ్వా అంటారు. గింజల్ని మనలా నల్లబడేదాకా వేయించరు, లేత రంగు దగ్గరే దించేస్తారు. పాత పద్ధతిలో అయితే ఇనుప పెనం మీద వేయించి, రాగి రోట్లో దంచి, పెద్ద పాత్రలో నీళ్లు పోసి మరిగించి, తేరిన కాఫీని చిన్న కూజాలోకి వంపుతారు. యాలకులు వేస్తారు. కుంకుమపువ్వు, లవంగం ఇంటివాళ్ల ఇష్టం. పాలుండవు, పంచదారా ఉండదు. తీపి కావాలంటే పక్కనే ఖర్జూరాలు. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు మొదటి గుటక కషాయంలా తగులుతుంది. ఖర్జూరం కొరికి తాగితే మాత్రం కథ వేరు.

అసలు సంగతి పోయడంలో ఉంది. ఎడమచేత కూజా, కుడిచేత చెవి లేని చిన్న కప్పు. దాని పేరు ఫింజాన్. అందులో పావు వంతే పోస్తారు. మన ఇళ్లల్లో గ్లాసు వెలితిగా ఇస్తే పిసినారితనం కిందే లెక్క. అక్కడ నిండా పోస్తే ‘తాగి బయల్దేరండి’ అన్నట్టు! కొంచెమే పోస్తే మళ్లీ మళ్లీ పోయాలి, పోసేవాడు అతిథిని కనిపెట్టుకుని ఉండాలి. చాలని నోటితో చెప్పక్కర్లేదు, ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇస్తే సరి. ఆ సంగతి తెలియక ఊరికే చాపారా, ఇంకో పావు పడుతుంది. ఈ ఆచారాన్ని 2015లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. సౌదీ, ఒమన్, ఖతార్‌లకూ అందులో వాటా ఉంది.

వీధిలో రాజ్యం మాత్రం కరక్ చాయ్‌ది. కెఫెటేరియా ముందు కారాపి హారన్ కొడితే కుర్రాడు పేపర్ కప్పు తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు. డబ్బా పాలు, యాలకులతో బాగా మరిగిన ఆ టీ చాలా ఏళ్లు ఒక్క దిర్హమే. కాఫీ కూజా బొమ్మ ఇచ్చి టీ పుచ్చుకోవడమన్నమాట!

మాల్స్‌లోనూ, దుబాయ్‌లోని అల్ కోజ్ లాంటి పారిశ్రామిక వాడల్లోనూ కొత్తతరం కాఫీ షాపులు వెలిశాయి. మద్యం ఊసు లేకుండా కుటుంబమంతా పొద్దుపోయేదాకా కూర్చోగల చోట్లివి, గిరాకీకి అదీ ఒక కారణమే. రంజాన్ రాత్రుల్లో ఆ సందడి ఇంకా ఎక్కువ. దేశం తాగే కాఫీ అంతా దిగుమతే అయినా, వ్యాపారం మీద దుబాయ్ కన్ను గట్టిగానే పడింది. గింజల నిల్వకూ వేయించడానికీ 2019లో అక్కడి జెబెల్ అలీలో దుబాయ్ మల్టీ కమోడిటీస్ సెంటర్ (డీఎంసీసీ) కాఫీ సెంటర్ తెరిచారు.

తెలుగువాళ్ల నాలుక వెతుక్కునేది మాత్రం ఫిల్టర్ కాఫీని. చెన్నై టిఫిన్ హోటల్ శరవణ భవన్ 2000లో విదేశంలో తొలి శాఖ తెరిచింది దుబాయ్‌లోనే. అక్కడి కరామా పేటలో ఇప్పుడు అలాంటి టిఫిన్ హోటళ్లు చాలానే ఉన్నాయి. సెలవు రోజు పొద్దున్నే ఇడ్లీ, దోసెల కోసం కుటుంబాలు దిగుతాయి. చివర్లో డబరా గ్లాసులో కాఫీ తాగకుండా లేచేవాళ్లు తక్కువ.