పడ్డవాళ్లు చెక్కిన పలక

యాచారంలో ఉన్నవాళ్లకు పెద్ద నీళ్లు చూడాలంటే సాగర్ రోడ్డు పట్టుకుని నాగార్జునసాగర్ దాకా పోవాలి. పట్నం వైపు తిరిగితే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఉంది, కుతుబ్‌షాహీల కాలం నాటిది. కానీ మత్తడి దుంకాలంటే వానలు దంచికొట్టాలి. మోటారు పడవ లాగుతుంటే తాడు పట్టుకుని పలక మీద నిలబడి దూసుకుపోయే వేక్‌బోర్డింగ్ ఈ నీళ్లలో పుట్టిన ఆట కాదు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో మాత్రం దానికి లోటు లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు అడిగేది ‘ఏ బోర్డు కొనాలి?’ అని. దుకాణం వాడిని అడిగే ముందు ఆ బోర్డు పుట్టుక తెలుసుకోవడం మేలు.

1922లో మిన్నెసోటా రాష్ట్రం లేక్ సిటీలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడికి మంచు మీద జారినట్టే నీళ్ల మీదా జారాలనిపించింది. పీపా చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరికి 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న పైన్ చెక్కల కొసలను మరిగే నీళ్లలో మెత్తబరిచి పైకి వంచాడు. జూలై 2న పెపిన్ సరస్సు మీద నిలబడ్డాడు. కొసలు పైకెత్తి ఒళ్లు వెనక్కి వాల్చడమే అతను పట్టుకున్న కిటుకు.

ఆ వంపు చేసే పని ఇదీ. పలక ఏటవాలుగా ఉంటే ఎదురొచ్చే నీటిని కిందికి తోస్తుంది, నీళ్లు పలకను పైకి తోస్తాయి. వేగం రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. పలక వైశాల్యం పెరిగినా తోపు పెరుగుతుంది. అందుకే బోర్డు కొలత మనిషి ఎత్తును బట్టి కాదు, బరువును బట్టి చూడాలి. 60, 65 కిలోల వాళ్లకు 135 సెంటీమీటర్ల దరిదాపుల్లోది సరిపోతుంది. 80 దాటితే 140 మీదికి పోవాలి. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే తీసుకోండి. తక్కువ వేగంలోనే లేపుతుంది, పడినా దెబ్బ తగ్గుతుంది.

1985 ప్రాంతంలో శాన్ డియాగోకు చెందిన టోనీ ఫిన్ ‘స్కర్ఫర్’ తెచ్చాడు. సర్ఫ్ బోర్డుకు తమ్ముడిలాంటిది. ఆస్ట్రేలియాలోనూ అప్పుడే అలాంటి బోర్డులు వచ్చాయి. కాళ్లకు పట్టీలు లేకపోవడంతో అల మీద ఎగిరితే మనిషి ఒకవైపు, బోర్డు ఒకవైపు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జిమ్మీ రెడ్‌మన్ పట్టీలు బిగించాడు. అయినా అసలు చిక్కు తీరలేదు. ఈ బోర్డులు మరీ తేలిక. బావిలో ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు కట్టిన బెండు లాగా, కిందికి నొక్కితే ఎగదన్నుతాయి. నీళ్లలో కూర్చుని, బోర్డును పాదాల ముందు నిలువుగా ముంచి పట్టుకుంటేనే పడవ లాగినప్పుడు లేవగలం. బలమైనవాళ్లకే అది సాధ్యం.

నా లెక్కలో ఈ కథకు మలుపు 1990. హెర్బ్ ఓబ్రయన్ కంపెనీ ‘హైపర్‌లైట్’ విడుదల చేసింది. అచ్చులో ఒత్తి చేసిన సన్నటి బోర్డు అది. మరీ తేలదు, మునిగిపోదు, పెట్టినచోట ఉంటుంది. మామూలు మనిషి కూడా నీళ్లలోంచి లేవడం అప్పటినుంచే సాధ్యమైంది. 1993లో రెడ్‌మన్ రెండు కొసలూ ఒకేలా ఉండే రూపం ఇచ్చాడు. ఇక ఏ కాలు ముందున్నా ఒకటే.

బోర్డును పక్కనుంచి చూస్తే ఇప్పుడు రెండు రకాల వంపులు కనిపిస్తాయి. విల్లులా ఒకే సాఫీ వంపు ఒకటి, నడుమ చదునుగా ఉండి కొసల దగ్గర విరిచినట్టు లేచేది మరొకటి. రెండోది నిటారుగా పైకి విసురుతుంది, నీటిని ఎక్కువ తోస్తుంది. లేచి నిలబడటమే గండమైన వాళ్లకు దానితో పనేంటి? మొదటిదే కొనండి.

డబ్బులు తగ్గించుకోవాలంటే బోర్డు దగ్గర తగ్గించుకోండి గాని బూట్ల దగ్గర వద్దు. పడినప్పుడు ఒక కాలు ఊడి ఇంకొకటి ఇరుక్కుంటే మెలిపడేది చీలమండే. మడమ కదలకుండా బిగువుగా ఉండాలి, వేళ్లు తిమ్మిరెక్కకూడదు. ఇంట్లో పలువురు వాడేదైతే వేళ్ల దగ్గర తెరిచి ఉన్న రకం నయం. సాగే తాడు వద్దు, 15 మీటర్ల దరిదాపుల్లో ఉంటే చాలు. పడవ గంటకు 25 నుంచి 30 కిలోమీటర్లు దాటనక్కర్లేదు. ఒంటికి బాగా పట్టే లైఫ్ జాకెట్ తప్పదు. దెబ్బ తగలకుండా ఆపే పలచటి చొక్కాలన్నీ మనిషిని తేల్చవు, అది చూసి కొనాలి.

పడవ లేకుండానూ ఆడొచ్చు. జర్మనీలో బ్రూనో రిక్సన్ 1960ల నాటికే స్తంభాల మధ్య కేబుల్ తిప్పి, కరెంటు మోటారుతో మనుషుల్ని లాగించాడు. రెండు స్తంభాల చిన్న ఏర్పాటుకు ఓ మోస్తరు కుంట చాలు. మన వైపు ఈ ఆట ఊపందుకుంటే సాగర్ కన్నా ముందు అలాంటి చోటే అని నా అంచనా. కేబుల్ పార్కుల్లో ఎక్కి జారే ఇనుప కడ్డీలు, దిమ్మెలు ఉంటాయి కాబట్టి హెల్మెట్ పెట్టుకోవాలి. బోర్డు అడుగు భాగం రాపిడికి ఓర్చేదై ఉండాలి, కింద రెక్కలు ఉండకూడదు. పడవ వెనక వాడే బోర్డుకు ఆ రెక్కలే దారి తప్పకుండా చూస్తాయి. పాతది కొంటుంటే బూట్లు బిగించే మరల గుంతలు వదులయ్యాయా, అంచుల దగ్గర పగుళ్లున్నాయా చూసుకోండి. పగుల్లోంచి నీళ్లు తాగిన బోర్డును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.