మీకు తెలుసా? పెట్టె లేకపోయినా ప్లాన్ ఉంటే చాలు

రేడియోతో ఎగిరే మోడల్ విమానాల సరదా పాతదే. అమెరికాలో గుడ్ సోదరులు 1937లో ఎగరేసిన ‘గఫ్’ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు. తర్వాత దశాబ్దాలపాటు ఈ సరదా బాల్సా కర్ర కిట్లతోనే సాగింది. రెడీమేడ్ విమానాలొచ్చాక చాలా కిట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. 2018లో ఈ రంగంలోని పెద్ద సంస్థ హాబికో కూడా దివాలా తీసింది.

ఏళ్ల తర్వాత మళ్లీ ఈ సరదాలోకి వచ్చేవాళ్లు చిన్నప్పటి కిట్ పెట్టె కోసమే వెతుకుతారు. నిజానికి వెతకాల్సింది విమానం భాగాలు గీసిన ప్లాన్ షీటు. అది దొరికితే రెక్కల పక్కటెముకలను లేజర్‌తో కోయించుకోవచ్చు. ఇలా కోసిన భాగాలనే ‘షార్ట్ కిట్’ పేరుతో అమ్ముతారు. పొడవాటి కర్రలు, పలకలు మనమే కొనుక్కోవాలి. పాత కిట్ల ముక్కలను కోసేటప్పుడు మొద్దుబారిన అచ్చులు చెక్కను నలిపేసేవి కాబట్టి, కొత్త ముక్కలే మేలు!

పాత రేడియో మాత్రం అలమరలోనే ఉండనివ్వండి. అప్పట్లో ఇద్దరు ఒకే ఛానెల్ వాడితే విమానం కూలేది. అందుకే అమెరికా మైదానాల్లో ఛానెల్ నంబరున్న క్లిప్పు చేతిలో ఉన్నవాళ్లే రేడియో ఆన్ చేసేవారు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఆ గొడవ లేదు.