గాజుతొట్టిలో రాతిపగడము

చూచుటకు పూచిన పొదవలె నుండును. తాకినచో రాయివలె గట్టిగా నుండును. నిజమునకది జంతువు. రాతిపగడము విషయమున విద్వాంసులు సైతము చిరకాలము పొరబడిరి. పగడము మొక్క కాదనియు, జంతువేయనియు 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు పేసొనెల్ చెప్పగా, ఆనాటి పండితులు మొదట నమ్మలేదు. నవరత్నములలో చేర్చు ఎఱ్ఱపగడము దీనికి దూరపు చుట్టము మాత్రమే.

రాతిపగడమున వేలకొలది చిన్న ప్రాణులు కలిసి కాపురముండును. ఒక్కొక్కదానిని పాలిప్ అందురు. మెత్తని సంచివంటి దేహము, పైన నొక నోరు, దానిచుట్టును సన్నని వ్రేళ్లవంటి అవయవములు. పాలిప్ శరీరమంతయు నింతియే. సముద్రజలమున కరగియున్న సున్నమును గ్రహించి, అది తన అడుగున రాతిపీఠమును కట్టుకొనును. ఇందులకు వలయు శక్తిని చాలవరకు ఇచ్చునది దాని దేహములోనే వసించు సూక్ష్మమైన నాచు. ఆ నాచు వెలుతురులో ఆహారమును సిద్ధము చేసి, అందు పెద్దపాలు పగడమున కిచ్చును. పగడము దానికి నివాసమును, ఎరువును సమకూర్చును.

ఇట్టి జీవిని ఇంటిలో పెంచుట సులభము కాదు. ఇండోనేషియాలోని జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ సముద్రమునుండి జీవముగల రాళ్లను, పగడములను తెచ్చి, ఎండయు గాలిబుడగలును తప్ప వేఱు సాధనములు లేకయే తొట్టిలో బ్రతికించి, ఆ పద్ధతిని 1961లో ఒక అమెరికా పత్రికలో వివరించెను. ఆయనకు సముద్రము చేరువ. దూరదేశములవారు లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున తగిన లవణములు కలిపి సముద్రజలమును చేసికొనవలెను. సూర్యునికి మారుగా దీపములను, అలలకు మారుగా నీటిని త్రిప్పు యంత్రములను అమర్చవలెను.

అన్నియు అమర్చినను పని తీరదు. పగడము పెరిగినకొలది నీటిలోని సున్నము తరుగును. సముద్రమున లీటరునకు ఇంచుమించు 400 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. సముద్రము అపారము గనుక అచ్చట లోటు కనబడదు; తొట్టిలో కొలది దినములకే కనబడును. జర్మనీలోని పెంపకందార్లు దీనికొక చక్కని ఉపాయమును ప్రచారమునకు దెచ్చిరి. అది మన పెద్దలెరిగిన సున్నపుతేటయే! శుద్ధమైన సున్నమును మంచినీటిలో కలిపి, అడుగు తేరిన పిమ్మట పైతేటను తీసి, ఆవిరియైన నీటికి బదులుగా తొట్టిలో చేర్తురు. ఈ తేట మిక్కిలి క్షారగుణము గలది. ఒక్కసారిగా పోసినచో ప్రాణులు చచ్చును. కావున రాత్రివేళ బొట్టుబొట్టుగా విడుతురు. రాత్రి నాచు పని మానుటచే నీటి క్షారగుణము తగ్గును గనుక, ఆ వేళయే అనుకూలము.

సున్నముకన్న భయపడవలసినది వేడిమి. తొట్టినీరు 25, 26 సెంటిగ్రేడు డిగ్రీలుండుట మేలు. అలవాటైన వేసవి వేడిమికన్న ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడము తన నాచును వెడలగొట్టును. అప్పుడు పారదర్శకమైన దేహముగుండ తెల్లని రాయి కనబడును. అది వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడినచో కోలుకొనును, లేనిచో ఆకలితో నశించును. 1998లో సముద్రము వేడెక్కి, లక్షద్వీపములలోని పగడములు పెక్కు ఇట్లే తెల్లబడి చనిపోయినవి. తొట్టి యజమాని నీటిపై పంకాను త్రిప్పినచో, కూజాలోవలె ఆవిరివలన నీరు చల్లబడును.

బాగుగ పెరిగిన పగడపు కొమ్మను కత్తిరించి, తొందరగా గట్టిపడు జిగురుతో రాతిముక్కపై అంటింతురు. కొన్ని వారములలో దాని దేహము జిగురును కప్పి రాతిపై ప్రాకును. ఒక కొమ్మనుండి పది తొట్టెలకు మొలకలు లభించును. సముద్రములోని దిబ్బలను పగులగొట్టి తెచ్చుటకన్న ఇది ఎంతయో మెఱుగు. భారతదేశమున 2001లో రాతిపగడములన్నిటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. అండమానులలోనైనను, మన్నారు సింధుశాఖలోనైనను ఒక్క కొమ్మ విరిచి తెచ్చుట నేరము.